అమ్మాన్‌లో ఉన్నంత మాత్రాన అరబ్బీ వస్తుందా?

ప్రశ్న: మా వారి ఉద్యోగం వల్ల జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు వచ్చి పది నెలలు దాటింది. రాకముందు ఏడాది పాటు ఆన్‌లైన్‌లో ఒక ఉపాధ్యాయుని దగ్గర ఫుస్‌హా, అంటే పత్రికల్లోనూ పుస్తకాల్లోనూ ఉండే ప్రామాణిక అరబ్బీ, శ్రద్ధగా నేర్చుకున్నాను. వార్తల శీర్షికలు చదివి అర్థం చేసుకోగలను. కానీ మెట్ల మీద పక్కింటావిడ పలకరిస్తే ఒక్క ముక్క బోధపడదు. నాకు వచ్చిన అరబ్బీలో మాట్లాడితే పిల్లలు నవ్వుతున్నారు, కొట్లో వాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతున్నారు. ఇంకా రెండేళ్లు ఇక్కడే ఉంటాం. ఫుస్‌హా వదిలేసి ఇక్కడి వాడుక భాష మొదలుపెట్టాలా? ఈజిప్టు యాస అయితే అరబ్బు దేశాలన్నిటా చెల్లుతుందని కొందరు అంటున్నారు, అది మేలా? భాష మధ్యలో బతికితే భాష దానంతటదే వస్తుందని అందరూ చెప్పిన మాట నా విషయంలో ఎందుకు నిజం కాలేదు?

సమాధానం: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఆ మాటను నమ్మినందువల్లే మీరు పది నెలలుగా మిమ్మల్ని మీరు తక్కువ చేసుకుంటున్నారని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. భాష దానంతటదే రావడం చిన్నపిల్లల విషయంలో చాలావరకు నిజం. పెద్దవాళ్ల విషయంలో కాదు. 2004లో బార్బరా ఫ్రీడ్, నార్మన్ సెగలోవిట్జ్, డ్యాన్ డ్యూయీ అనే ముగ్గురు పరిశోధకులు ఫ్రెంచి నేర్చుకుంటున్న అమెరికన్ విద్యార్థులను మూడు రకాలుగా విడదీసి పోల్చారు. కొందరు స్వదేశంలో మామూలు తరగతులకు వెళ్లారు, కొందరు స్వదేశంలోనే వేసవి శిబిరంలో పూర్తిగా ఫ్రెంచిలోనే గడిపారు, కొందరు ఫ్రాన్సుకు వెళ్లి చదువుకున్నారు. ధారాళంగా మాట్లాడటంలో అందరికన్నా ముందుకు వెళ్లింది ఫ్రాన్సుకు వెళ్లినవారు కాదు, వేసవి శిబిరంలో ఉన్నవారు. ఫ్రాన్సులో ఉన్న విద్యార్థులు తరగతి బయట ఫ్రెంచి కన్నా ఇంగ్లీషే ఎక్కువగా వాడినట్టు తామే చెప్పుకున్నారు. ఉన్న ఊరి కన్నా ఆ భాషలో గడిచిన గంటలే ఫలితాన్ని తేల్చాయన్నమాట. మీ రోజులో ఇంట్లో మాట్లాడే భాషనూ, ఫోనులో గడిచే సమయాన్నీ, ఇంగ్లీషులో సాగే పనులనూ తీసివేస్తే అరబ్బీలో నిజంగా ఒకరితో ఒకరు మాట్లాడుకున్న సమయం ఎంత మిగులుతుందో చూసుకోండి. పది నెలలు అమ్మాన్‌లో ఉన్నారు కానీ అరబ్బీలో ఉన్నది అందులో చాలా కొద్ది భాగమే అయి ఉంటుంది. అందుకు మీ తెలివితేటలను అనుమానించవలసిన పని లేదు.

అరబ్బీకి దీనికి తోడు మరో చిక్కు ఉంది. ఒకే సమాజం రాతకూ ఉపన్యాసానికీ ఒక రూపాన్ని, ఇంటికీ వీధికీ మరో రూపాన్ని వాడే స్థితిని చార్లెస్ ఫెర్గూసన్ అనే భాషావేత్త 1959లో వివరించినప్పుడు ఆయన ఎంచుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబ్బీ ఒకటి. ఫుస్‌హా ఎవరికీ తల్లి ఒడిలో అబ్బే భాష కాదు; అమ్మాన్ పిల్లలు కూడా దాన్ని బడిలో, కార్టూన్లలో, మసీదు ప్రసంగంలో విని నేర్చుకుంటారు. ఇంట్లో మాట్లాడేది ఆమ్మియ్యా. గ్రాంథికంలో కూరగాయల బేరం చేసే మనిషి మన చెవికి ఎలా వినిపిస్తారో మీరు ఆ పిల్లలకు అలా వినిపిస్తున్నారు. ఆ నవ్వులో ఎగతాళి కన్నా ముచ్చటే ఎక్కువ. కాబట్టి దాన్ని మనసుకు పట్టించుకోకండి.

మీకు ఊరట కలిగించే సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. ఫుస్‌హాకూ అమ్మాన్ మాటకూ మధ్య దూరం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. బడి, పుస్తకం, ఆసుపత్రి, మంత్రి, ఒప్పందం, విద్యుత్తు వంటి మాటలు దాదాపు అవే. పూర్తిగా మారిపోయేవి నిమిషానికి పదిసార్లు వచ్చే చిన్న మాటలు. ‘ఏమిటి’ అనడానికి మీరు ‘మాదా’ నేర్చుకున్నారు, వాళ్లు ‘షూ’ అంటారు. ‘నాకు కావాలి’ అన్నది మీకు ‘ఉరీదు’, వాళ్లకు ‘బిద్ది’. చూశానన్న ‘రఅయ్‌తు’ వీధిలో ‘షుఫ్త్’ అవుతుంది, వెళ్లానన్న ‘దహబ్‌తు’ బదులు ‘రుహ్త్’ వినిపిస్తుంది. వాక్యానికి కీళ్లవంటి మాటలే తెలియకపోతే మిగతా మాటలు తెలిసినా చెవికి అందవు. అందుకే ఒక్క ముక్క అర్థం కాలేదని మీకు అనిపిస్తోంది. ఈ మాటలు కొన్ని వందలకు మించవు, వాటిని పట్టుదలగా కూర్చుని నేర్చుకోవచ్చు. వ్యాకరణం కూడా చాలాచోట్ల సులువే అవుతుంది: పదాంతంలోని విభక్తి చిహ్నాలు పోతాయి, లింగ వచనాలను బట్టి మారే ‘అల్లదీ’, ‘అల్లతీ’ వంటి రూపాలన్నిటికీ బదులు ‘ఇల్లి’ ఒక్కటే సరిపోతుంది, వర్తమాన క్రియకు ముందు ‘బ’ చేరి ‘అక్తుబు’ కాస్తా ‘బక్తుబ్’ అవుతుంది. ఫుస్‌హాలో మీరు పడ్డ శ్రమ వృథా కాలేదని చెప్పడం ఓదార్పు కోసం కాదు. ధాతువులూ క్రియారూపాలూ తెలిసినవారు ఈ మార్పులను వారాల్లో పట్టుకోగలరు. ఏమీ తెలియకుండా వీధిలో మొదలుపెట్టినవారికి అందుకు ఎంతో ఎక్కువ కాలం పడుతుంది.

అందువల్ల ఫుస్‌హా వదిలేయకండి, కానీ నోటి నుంచి తీసి కళ్లకు అప్పగించండి. చదవడానికీ వినడానికీ అది ఉండనివ్వండి. మాట్లాడేది మాత్రం ఈ రోజు నుంచి అమ్మాన్ అరబ్బీ కావాలి. ఈజిప్టు యాస సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను: సినిమాల వల్ల దాన్ని చాలామంది అర్థం చేసుకుంటారన్నది నిజమే, కానీ మీరు ఈజిప్టు యాసలో మాట్లాడితే పక్కింటావిడ జవాబు మాత్రం అమ్మాన్ యాసలోనే వస్తుంది, అప్పుడు మీకు అర్థం కావలసింది ఆ జవాబే. మీరు కైరోలో ఉంటే ఇందుకు సరిగ్గా తలకిందులుగా చెప్పి ఉండేవాణ్ణి.

అమ్మాన్ యాస అన్నది కూడా ఒక్క ముద్ద కాదని ముందే తెలుసుకుంటే మీకు సగం గందరగోళం తప్పుతుంది. 1878లో కాకసస్ పర్వత ప్రాంతానికి చెందిన సిర్కాసియన్లు వచ్చి స్థిరపడిన చిన్న ఊరది. 1921లో ఎమిరేట్, అంటే అమీరు పాలించే రాజ్యం, ఏర్పడి అది రాజధాని అయ్యాక సల్త్, నాబ్లస్ వంటి పట్టణాల నుంచి, 1948లోనూ 1967లోనూ పాలస్తీనా నుంచి పెద్ద ఎత్తున జనం వచ్చి చేరారు. కాబట్టి ఇప్పుడు అక్కడ వినిపించే యాస రెండు మూడు తరాల్లో రూపుదిద్దుకున్నది. ‘ఇప్పుడు’ అనడానికి ఒకే భవనంలో ఒకరు ‘హల్లఅ’ అనీ మరొకరు ‘హస్సా’ అనీ అంటారు. అన్నిటికన్నా మిమ్మల్ని తికమకపెట్టేది ఖాఫ్ అక్షరం. గొంతు లోపలి నుంచి పలకాలని మీ ఉపాధ్యాయుడు నేర్పిన ఆ ధ్వనిని నగరంలోని ఆడవాళ్లు ఎక్కువగా గొంతులో చిన్న విరుపుగా మార్చేస్తారు. తూర్పు జోర్డాన్ కుటుంబాల మగవాళ్లు చాలామంది దాన్ని ‘గ’గా పలుకుతారు. కాఫీ ఒకరికి ‘అహ్వే’, మరొకరికి ‘గహ్వే’. టాక్సీ డ్రైవరు నోట విన్న ‘గ’ను మీరు ఎత్తుకుంటే ఎవరూ తప్పుపట్టరు కానీ స్త్రీ నోట అది కొంత మొరటుగా వినిపించవచ్చు. మీ వయసు ఆడవాళ్లు ఎలా పలుకుతారో అలా పలకండి, రెండో రూపాన్ని వింటే గుర్తుపట్టండి, అంతే చాలు. ఖురాను, ఆర్థికం వంటి అర్థాల్లో వచ్చే బడి మాటల్లో మాత్రం అసలు ఖాఫ్ అలాగే నిలుస్తుంది.

ఉచ్చారణ గురించి ఇంకొంత చెప్పాలి. తెలుగువారికి ఇందులో ఒక లాభం, ఒక ప్రమాదం ఉన్నాయి. లాభం ఏమిటంటే దీర్ఘాలూ ద్విత్వాలూ మనకు పుట్టుకతో వచ్చినవి. ‘దరస్’ అంటే చదివాడు, ‘దర్రస్’ అంటే బోధించాడు అన్న తేడా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారిని నెలల తరబడి ఇబ్బంది పెడుతుంది, మన చెవికి మాత్రం మొదటిరోజే తెలుస్తుంది. ప్రమాదం బరువు హల్లుల దగ్గర ఉంది. అరబ్బీలో రెండు ‘త’లు ఉన్నాయని చెప్పగానే మనం రెండోదాన్ని తెలియకుండానే ‘ట’ చేసేస్తాం. అది ‘ట’ కాదు. నాలుక కొన ‘త’కు తగిలినచోటే తగలాలి, వెనక్కి మడత పడకూడదు, నాలుక వెనుక భాగం మాత్రం గొంతు వైపు లేచి, పక్కనున్న అచ్చు కూడా బరువెక్కాలి. తేలిక ‘త’తో ‘తీన్’ అంజూరపు పండు, బరువు ‘త’తో అది బురద. ‘స’కూ ఇదే వర్తిస్తుంది: తేలికగా పలికితే ‘సేఫ్’ కత్తి, బరువుగా పలికితే వేసవి. ఇక గొంతు బిగించి పలికే ఐన్ అక్షరం మన లిపిలో అచ్చుగానే మిగిలిపోతుంది కనుక ఆశ అనే ‘అమల్’, పని అనే ‘అమల్’ రాతలో మనకు ఒక్కటే, వాళ్లకు వేర్వేరు. ఇటువంటి జంటలను ఎవరైనా పలుకుతుండగా రికార్డు చేసుకుని, మీ గొంతును కూడా రికార్డు చేసి పక్కపక్కన పెట్టి వినడం రోజుకు పది నిమిషాలు చేసినా చాలు, కానీ ఈ మూడు నెలల్లోనే చెయ్యండి. తప్పు ఉచ్చారణ అలవాటుగా స్థిరపడ్డాక సరిదిద్దడం కష్టం, పైగా ఎదుటివారు ఇంగ్లీషులోకి మారడానికి మొదటి కారణం చాలాసార్లు అదే.

ఇక అసలు పని. కొత్తవాళ్లతో వంద చోట్ల రెండేసి ముక్కలు మాట్లాడటం కన్నా నలుగురైదుగురితో పదే పదే మాట్లాడటం ఎంతో మేలు. మొదటివారు మీ తప్పులను క్షమించి మరచిపోతారు, రెండోవారు మీ స్థాయిని గుర్తుపెట్టుకుని దానికి తగ్గట్టు మాట్లాడటం నేర్చుకుంటారు. అందుకే ఒకే కూరగాయల కొట్టు, ఒకే బేకరీ, ఒకే మందుల దుకాణం ఎంచుకుని రద్దీ లేని వేళ చూసి వెళ్లండి. అబ్దూన్, స్వేఫియే వంటి ప్రాంతాల్లో పెద్ద దుకాణాలకు వెళితే ఇంగ్లీషే ఎదురవుతుంది. మీ వీధి చివరి చిన్న కొట్టులోనో, వస్త్ అల్-బలద్ పాత బజారులోనో ఆ బెడద చాలా తక్కువ.

వెళ్లే ముందు ఐదు నిమిషాలు సిద్ధం కండి. ఉదాహరణకు టమాటాలు కొనాలి. పుస్తకంలో చదివిన ‘తమాతిమ్’ అక్కడ పనికిరాదు, అక్కడ అది ‘బందోరా’. ‘అద్దేష్ కీలో ఇల్-బందోరా?’ అని అడగడం మీకు వచ్చు, కానీ జవాబు వస్తుందే, అక్కడే మీరు తడబడతారు. అంకెల్లో ఒకట్లు ముందు, పదులు తరువాత వస్తాయి. పైగా దీనారును ‘లేరా’ అంటారు, పావు దీనారుకు ‘రుబుఅ’, సగానికి ‘నుస్స్’, దీనారులో నూరోవంతైన ఖిర్ష్‌లు పదింటికి ‘బరీజా’, ఐదు ఖిర్ష్‌లకు ‘షిలిన్’ అని వినిపిస్తుంది. ఈ మాటలు పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించవు. కాబట్టి రాగల జవాబులన్నీ ముందే ఊహించి పైకి అనుకోండి, తరువాత కొట్టుకు వెళ్లండి. డబ్బు ఇవ్వబోతే కొట్టు యజమాని ‘ఖల్లీహా అలేనా’, అంటే ఈసారికి మా లెక్కలో ఉండనివ్వండి, అనవచ్చు. అది మర్యాద మాట, డబ్బు ఇవ్వవలసిందే. ఇంటికి రాగానే అర్థం కాని ఒకటి రెండు మాటలు వినిపించినట్టుగా నోట్‌బుక్‌లో రాసుకుని ఉపాధ్యాయుణ్ణి అడగండి. ముందు సిద్ధపడటం, మాట్లాడటం, తరువాత తరచి చూసుకోవడం, ఈ మూడూ కలిసినప్పుడే వీధి మీకు బడి అవుతుంది. మీరు ఇన్నాళ్లూ మధ్యది మాత్రమే చేస్తూ వచ్చారు.

రెండో తలుపు పలకరింపులు. జోర్డాన్ సంభాషణలో జంటగా నడిచే మర్యాద మాటలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఒకరు ఒక భాగం అంటే ఎదుటివారు దానికి కట్టుబడిన రెండో భాగం అనాలి. పని చేస్తున్నవారు ఎవరు కనబడినా, ఊడ్చేవారైనా బ్యాంకు గుమస్తా అయినా, ‘యఅతీక్ ఇల్-ఆఫియే’ అంటారు, దేవుడు నీకు ఓపికనివ్వాలని. దానికి ‘అల్లా యిఆఫీక్’ అని బదులు వస్తుంది. ఆడవారితో అనేటప్పుడు ‘యఅతీక్’, ‘యిఆఫీక్’ మాటల చివరి ‘క్’ కాస్తా ‘కి’ అవుతుంది. ప్రయాణం నుంచి వచ్చినవారికి ఒకటి, క్షవరం చేయించుకున్నవారికి ‘నఈమన్’, భోజనం చేస్తున్నవారికి ‘సహ్‌తేన్’, ఇలా ప్రతి సందర్భానికీ ఉంటాయి. ఇవి వ్యాకరణం ఆలోచించకుండా నోటికి వచ్చేస్తాయి, సరైన సమయంలో సరైన జవాబు ఇచ్చిన విదేశీయురాలిని చూసి ఎదుటివారి ముఖం వెంటనే వికసిస్తుంది, ఆపై వాళ్లు ఇంగ్లీషు సంగతే మరచిపోతారు. ఇంగ్లీషులోకి మారిపోయే సమస్యకు నాకు తెలిసిన గట్టి మందు ఇదే. అప్పటికీ మారితే నవ్వుతూ ‘ఇహ్కి మఈ అరబి, బిద్ది అతఅల్లమ్’, నాతో అరబ్బీలో మాట్లాడండి, నేర్చుకోవాలనుంది, అని చెప్పండి. అరబ్బులు తమ భాషను నేర్చుకునేవారిని ఎంత ఆదరిస్తారో అప్పుడు చూస్తారు.

మూడోది, అన్నిటికన్నా విలువైనది, మీ పక్కింటావిడే. ఆమెను వ్యక్తిగత పేరుతో కాక పెద్ద కొడుకు పేరు ముందు ‘ఉమ్మ్’ చేర్చి పిలవడం అక్కడి మర్యాద. ఆ పేరు తెలుసుకోవడమే మీ మొదటి సంభాషణ కావచ్చు. పనులు ఒక కొలిక్కి వచ్చాక పొద్దున్నే ఆడవాళ్లు ఒకరింట్లో చేరి కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకునే ‘సుబ్‌హియ్యే’ అనే అలవాటు ఆ ప్రాంతంలో ఉంది. మగ విద్యార్థులకు ఎన్నడూ అందని తరగతి గది అది. మొదట ఆమెను మీరే కాఫీకి పిలవండి. మొదటి నెలల్లో నలుగురు ఒకేసారి మాట్లాడుకుంటుంటే మీకు ఏమీ అందదు; ఒక్కరితో కూర్చున్నప్పుడు అందుతుంది. ముందురోజు ఒక విషయం ఎంచుకుని, పిల్లల చదువు గురించో ఒక వంట గురించో, అడగవలసిన ఐదారు ప్రశ్నలు సిద్ధం చేసుకుని కూర్చోండి. ఎదుటివారి సంభాషణను వారికి తెలియకుండా రికార్డు చేయవద్దు. మీరు ఇంటికి వచ్చాక విన్న కథను మీ మాటల్లో మీ ఫోనుకు తిరిగి చెప్పి రికార్డు చేసుకోండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీకు ఏ మాట కావాలో తెలుస్తుంది.

ఉపాధ్యాయుని విషయంలో ఒక మార్పు తప్పనిసరి. మీ పాత ఉపాధ్యాయుని దగ్గర వారానికి ఒక పాఠం ఉంచుకుని, అమ్మాన్‌లోనే వాడుక భాష నేర్పేవారిని, వీలైతే స్త్రీని, చూసుకోండి. జోర్డాన్ విశ్వవిద్యాలయంలోని భాషా కేంద్రం విదేశీయులకు అరబ్బీ నేర్పుతుంది. 2011లో సిరియాలో యుద్ధం మొదలయ్యాక దాని రాజధాని డమాస్కస్‌కు వెళ్లవలసిన విద్యార్థులు చాలామంది అమ్మాన్ బాట పట్టడంతో ప్రైవేటుగా నేర్పేవారూ పెరిగారు. పాఠం పుస్తకం ప్రకారం కాక, మీ నోట్‌బుక్‌లోని మాటల ప్రకారం, మీ రికార్డుల ప్రకారం సాగాలని మొదటే చెప్పండి. అమెరికాలోని మిడిల్‌బరీ కళాశాల వేసవి భాషా పాఠశాలల్లో విద్యార్థులు చేరేటప్పుడే ఆ భాష తప్ప మరేదీ మాట్లాడబోమని సంతకం చేస్తారు. మీకు రోజంతా అలా సాధ్యం కాదు, కానీ పాఠం జరిగే గంటలోనూ, బజారులో ఉన్నంతసేపూ అటువంటి నియమం పెట్టుకోవచ్చు.

సాయంత్రాలు వినడానికి సిరియా యాసలోకి డబ్బింగ్ చేసిన టర్కీ ధారావాహికలు మీకు బాగా పనికొస్తాయి; డమాస్కస్ నగర యాస అమ్మాన్ యాసకు దగ్గరది, కుటుంబ సంభాషణలు ఎక్కువ, ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఫుస్‌హా కోసం పిల్లల కార్టూన్లు చూడండి, అవి చాలావరకు స్పష్టమైన ఫుస్‌హాలో ఉంటాయి. అర్-రాయ్, అల్-గద్ వంటి జోర్డాన్ పత్రికల్లో స్థానిక వార్త ఒకటి రోజూ చదవండి. పొద్దున చదివిన నీటి సరఫరా వార్తనే పక్కింటావిడతో వాడుక భాషలో మాట్లాడి చూడండి, రెండు రూపాలు మీ తలలో ఒకదానికొకటి ముడిపడతాయి.

ఎంత కాలం పడుతుందని మీరు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. ఇంగ్లీషు మాతృభాషగా గల తమ దౌత్యవేత్తలకు అరబ్బీలో వృత్తికి సరిపడే ప్రావీణ్యం రావడానికి 88 వారాలు, 2200 తరగతి గంటలు పడుతుందని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా వేస్తుంది. అది పూర్తికాలపు చదువు. మీరు అంత లోతుకు వెళ్లనవసరం లేదు. పైన చెప్పినట్టు రోజుకు రెండు గంటలు నిజంగా అరబ్బీలో గడిపితే ఆరు నెలల్లో పక్కింటావిడతో ఒక్కరితో ఒక్కరుగా అరగంట కూర్చోగలరనీ, ఏడాదిలో నలుగురి కబుర్లలో విషయం ఎటు పోతోందో పట్టుకోగలరనీ నా నమ్మకం. మధ్యలో రెండు మూడు నెలలు ఏమీ ముందుకు సాగనట్టు అనిపించే కాలం తప్పక వస్తుంది. అప్పుడు కొత్త పుస్తకం కొనకండి, ఉపాధ్యాయుణ్ణి మార్చకండి. మూడు నెలల కిందటి మీ రికార్డు తీసి ఒకసారి వినండి. మొదటి రికార్డు ఈ వారమే, ఎంత తప్పుల తడకగా ఉన్నా సరే, తేదీ చెప్పి చేసి పెట్టుకోండి.